నూరు శాతం వద్దన్న పెద్ద మేడం

పెద్ద మేడం పోయారన్న కబురు నాకు పొద్దున అసెంబ్లీ వేళకు అందింది. బోయిన్‌పల్లిలో నేను లెక్కలు చెప్పే సర్కారు బడి అది. పిల్లలు ప్రార్థనకు వరుసల్లో నిలబడుతున్నారు. కూరగాయల మార్కెట్ వైపు పోయే లారీల హారన్లు ఎప్పటిలాగే వాళ్లకంటే ముందే పాట అందుకున్నాయి. చిన్ననాటి స్నేహితురాలు ఫోన్ చేసి, "తెల్లారంగ పోయిందటనే మేడం. నిద్రలనే," అని ఆ ఒక్క ముక్కా చెప్పి ఏడ్చింది. నాకు వెంటనే ఏడుపు రాలేదు. ఫోన్ సంచిలో వేసి పిల్లల ముందుకు పోయి నిలబడ్డాను. ఏ కబురు వచ్చినా బడి గంట ఆగకూడదని నేర్పింది ఆమే కదా. ప్రార్థన అయ్యి, తొమ్మిదో తరగతికి వెళ్లి, సుద్దముక్క చేతిలోకి తీసుకున్నాక అప్పుడు వచ్చింది ఏడుపు.

పిల్లలు బిత్తరపోయారు. ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి, "మా హెడ్ మేడం చనిపోయారు," అన్నాను.

"మీకు సుత హెడ్ మేడం ఉంటదా మేడం?" అని ముందు బెంచీ పిల్ల అడిగింది.

"ఉండేది," అన్నాను.

ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు. మేమెవరమూ ఆమెను పేరుతో పిలిచింది లేదు. సికింద్రాబాద్‌లో రెజిమెంటల్ బజార్ గల్లీల మధ్య, రైలు కూత వినపడేంత దూరంలో ఉన్న మా ప్రైవేటు హైస్కూలుకు ఆమె ప్రిన్సిపాల్. పెద్ద మేడం అంటే చాలు, టీకొట్టు అతను కూడా లేచి నిలబడేవాడు. ఒక సంగతి మాత్రం ముందే చెప్పేస్తాను. ఏళ్ల తరబడి పదో తరగతిలో నూరు శాతం పాసంటూ గేటు మీద ఎర్రక్షరాల బోర్డు పెట్టుకున్న ఆ బడికి, ఆ నూరు శాతం పోగొట్టిన పిల్లను నేనే. ఆ ముక్క ఇవాళ తలెత్తుకుని చెప్పగలుగుతున్నానంటే అది ఆమె చలవే.

ఆమె రాకముందు మా బడికి ఒక ప్రిన్సిపాల్ సార్ ఉండేవారు. మంచివారే కావచ్చు, తెలుసుకునే అవకాశం ఎవరికీ ఇవ్వలేదు. ఆయన బూట్ల చప్పుడు మెట్ల మీద వినపడితే పిల్లలు సరే, టీచర్లు కూడా ఊపిరి బిగబట్టేవారు. యథా రాజా తథా ప్రజా అన్నట్టు, ఆయన టీచర్లను గదమాయిస్తే టీచర్లు మమ్మల్ని, మేము మా కింది తరగతుల వాళ్లను. మార్కులను బట్టి ఎ, బి, సి సెక్షన్లు. సి సెక్షన్ నీళ్ల ట్యాంకు పక్కన వెనక గది. నేను అందులోనే ఉండేదాన్ని. మాకు ఏదైనా రాకపోతే రాదని చెప్పే ధైర్యం ఉండేది కాదు, వచ్చినట్టు తలూపడం మాత్రం బాగా వచ్చేది. ఆ తలూపుడు విద్యలో మా సెక్షన్ అంతా డిస్టింక్షన్.

నేను తొమ్మిదిలోకి వచ్చిన జూన్‌లో పెద్ద మేడం వచ్చారు. నేత చీర, కాళ్లకు కాన్వాస్ బూట్లు. ఎంఎంటీఎస్ లోకల్ రైలు దిగి నడిచి వచ్చేవారు. వచ్చిన మొదటివారమే సెక్షన్లు కలిపేశారు. అంతకంటే వింత ఇంకొకటి. తన గదిలో కూర్చోరు. రోజూ ఏదో ఒక తరగతికి వచ్చి, చివరి బెంచీలో పిల్లల మధ్య ఇరుక్కుని కూర్చునేవారు. టీచర్లను తనిఖీ చేయడానికని అనుకున్నాం మేము. టీచర్లూ అదే అనుకుని మొహాలు మాడ్చుకున్నారు.

ఒకరోజు లెక్కల సార్ బీజగణితం చెప్తున్నారు. సార్ గట్టి మనిషి, సబ్జెక్టు కంఠతా వచ్చు, అందుకే ఒక్కసారి చెప్తే ఎవరికైనా రావాలని ఆయన నమ్మకం. "అర్థమైందా?" అన్నారు. మేమంతా తలూపాం. చివరి బెంచీలో ఒక చెయ్యి లేచింది.

"సార్, నాకు అర్థం కాలే. మళ్ల చెప్పుండ్రి," అన్నారు పెద్ద మేడం.

సార్ మొహం ఎర్రబడింది. మళ్లీ చెప్పారు. ఆమె మళ్లీ చెయ్యెత్తారు. "గా రెండో లైను కాడ ఆగిపోయిన సార్." ఆయన మూడోసారి, విసుగ్గానే అయినా, ముక్క ముక్కగా విడదీసి చెప్పారు. ఆ రోజు ఇంటికి పోతూ మా బెంచీ పిల్లలం మాట్లాడుకున్నది ఒకటే. ఆమెకు అర్థం కాని ఆ లైను మాకూ అర్థం కానిదే. వారం తిరక్కుండా ఆమె లేని రోజుల్లో కూడా చేతులు లేవడం మొదలైంది. మొదట నా పక్కన కూర్చునే అమ్మాయి, తర్వాత ఎ సెక్షన్ నుంచి వచ్చిన ఫస్ట్ ర్యాంకు పిల్లాడు. వాడికి కూడా అన్నీ అర్థం కావని మాకు తెలిసింది అప్పుడే. చెప్పలేనంత సంతోషం వేసింది.

తర్వాత అసెంబ్లీలో "నిన్న రానిది" పెట్టారు. ప్రార్థన, వార్తలు అయ్యాక ఒకరు సిమెంటు గద్దె ఎక్కి, నిన్న తనకు ఏది రాలేదో, దాన్ని ఎట్లా తెలుసుకున్నారో చెప్పాలి. మొదటిరోజు గద్దె ఎక్కింది ఆమే. "నేను సోషల్ టీచర్ని. నిన్న సైన్స్ సార్ రాలేదని ఎనిమిదో తరగతికి పోయిన. మంచుగడ్డ నీళ్ల మీద ఎందుకు తేలుతదని ఒకరు అడిగిండ్రు. నాకు రాలే. ఇంటికి పోయి చదివిన. నీళ్లు గడ్డకడితె ఉబ్బుతయట. ఉబ్బితె తేలికైతయట. ఇయ్యాల వచ్చింది," అని దిగిపోయారు. ప్రిన్సిపాల్ నోట "నాకు రాలే" అన్న మాట మేము అంతకుముందు వినలేదు. వినగలమని కూడా అనుకోలేదు.

మా బడి బడే కదా, దాన్ని కూడా మాకు తోచినట్టు అర్థం చేసుకున్నాం. పది పదిహేను రోజులపాటు గద్దె ఎక్కిన ప్రతివాడూ చేసిన పాపాలు ఒప్పుకోవడం షురూ చేశాడు. ఆరో తరగతి వాడొకడు చేతులు కట్టుకుని, "నిన్న నేను శీను టిఫిన్ దొంగతనంగ తిన్న," అన్నాడు. గేటు దగ్గర వాళ్లమ్మ నిలబడి ఉంది. మేడం నవ్వు ఆపుకుంటూ, "అది నీకు రానిది కాదుర, మస్తుగ వచ్చినదే. రానిది చెప్పు," అన్నారు. బడంతా గొల్లుమంది. అప్పటికి గానీ అది తప్పులు ఒప్పుకునే చోటు కాదని, నేర్చుకున్నది చెప్పే చోటని మాకు బోధపడలేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మా బడి నూరు శాతం ఎట్లా నిలబడిందంటే, పబ్లిక్ పరీక్షకు పేర్లు పంపే ముందు తప్పుతారనుకున్న పిల్లల తల్లిదండ్రులను పిలిపించి, బడి పేరు మీద కాకుండా ప్రైవేటుగా రాయించుకోమని చెప్పి పంపించేవారు. దసరా తర్వాత వెనక బెంచీలు ఖాళీ అయ్యేవి. ఎవరూ పెద్దగా మాట్లాడేవారు కాదు. మొదటి ఏడాది ఆ సంగతి పెద్ద మేడానికి తెలియదు. బడి యజమాని, మా దగ్గర కరస్పాండెంట్ సార్ అంటారు, ఆ పని తన గదిలోనే కానిచ్చేశారు. ఆమె ఒకరోజు పదో తరగతి చివరి బెంచీలో కూర్చోబోయి, "ఈడ కూసునే పిల్లలేరి?" అని అడిగారు. ముందు బెంచీ పిల్ల లేచి దసరా సంగతి చెప్పింది.

మర్నాడు గద్దె ఎక్కి, "నా స్కూల్ల పిల్లల్ని ఎల్లగొడుతుంటె నాకు తెల్వలే. తెల్సుకోకపోవుడు నాకు రానిది. వచ్చేసారి గిట్ల కానియ్య," అన్నారు. పైన కిటికీలో కరస్పాండెంట్ సార్ నిలబడి వింటున్నారు.

వచ్చేసారి అంటే మా బ్యాచే. దసరా ముందు పరీక్షల్లో లెక్కల్లో నాకు వచ్చిన మార్కులు చెప్పుకునేవి కావు. జవాబులు చాలావరకు సరైనవే, కానీ మధ్యలో లైన్లు ఉండవు. లెక్కల సార్ అడ్డంగా గీత కొట్టి "కాపీ" అని రాసేవారు. నేను కాపీ కొట్టేదాన్ని కాదు. జవాబు నాకు ఎట్లాగో తట్టేది, అంతే. ఎట్లా తట్టిందో అడిగితే నోరు పెగిలేది కాదు.

మా అబ్బాను, అంటే నాన్నను, పిలిపించారు. బజార్‌లో ఆయనది బట్టలు కుట్టే దుకాణం, మిలిటరీ వాళ్ల యూనిఫారాలు కుట్టేవారు. మెడలో టేపు అట్లాగే వేలాడుతుండగా వచ్చి కరస్పాండెంట్ సార్ ముందు నిలబడ్డారు. పక్కన నేను.

"మీ అమ్మాయిని ప్రైవేటుగ రాయించుకోండ్రి. స్కూల్ పేరు ఖరాబైతది," అన్నారు సార్.

అబ్బా గొంతు తగ్గించి, "సాబ్, చిన్నప్పటిసంది ఈడనే చదువుతుంది. ఇప్పుడు యాడికి తీస్కపోవాలె?" అన్నారు. ప్రైవేటుగా అంటే చదువు అయిపోయినట్టేనని ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. మా గల్లీలో అట్లా పోయిన ఆడపిల్లలెవరూ తిరిగి పుస్తకం పట్టలేదు.

అంతలో తలుపు తోసుకుని పెద్ద మేడం వచ్చారు. "ఈ బిడ్డ మన స్కూల్ పేరు మీదనే రాస్తది సార్. అందరు రాస్తరు."

"ఫెయిలైతె?"

"ఫెయిలైతె మన స్కూల్ ఫెయిలైనట్టు. జవాబు నేను చెప్త. స్కూల్ పేరు పిల్లలు మోసుడేంది సార్? పిల్లల్నే స్కూల్ మొయ్యాలె."

"నూరు శాతం పోతె మీ కుర్చీ సుత పోతది మేడం. సోంచాయించుకోండ్రి."

"కుర్చీల నేనెప్పుడు కూసున్న సార్?" అన్నారామె.

అబ్బా ఆ మాటకు పొట్టపట్టుకుని నవ్వాల్సిన మనిషి. ఆ రోజు మాత్రం మెడలో టేపు తీసి మడిచి జేబులో పెట్టుకుని, ఆమెకు సలాం చేసి వచ్చేశారు. దారిలో నాతో, "బేటీ, గా మేడం నీ కోసం నౌకరీ పణంగ పెట్టింది. జెర యాద్ పెట్టుకో," అన్నారు.

యాద్ పెట్టుకున్నాను. రాత్రీ పగలూ చదివాను. మా బెంచీలు ఖాళీ కాలేదు. బయటికి పంపాల్సిన వాళ్లమంతా పరీక్షలు రాశాం. ఫలితాలు వచ్చాయి. అందరూ పాసయ్యారు, నేను తప్ప. లెక్కల్లో పోయింది. గేటు మీద బోర్డు చూసి నాకు చచ్చిపోవాలనిపించింది. ఎవరికీ మొహం చూపించలేక దుకాణంలో బట్టల తానుల వెనక కూర్చున్నాను.

ఆ సాయంత్రం కాన్వాస్ బూట్లు మా దుకాణం గడప దగ్గర ఆగాయి. తిడతారనుకున్నాను. ఓదారుస్తారని కూడా భయపడ్డాను, అది ఇంకా కష్టం. ఆమె రెండూ చెయ్యలేదు. కుట్టుమిషన్ దగ్గర స్టూలు లాక్కుని కూర్చుని, అబ్బా పెట్టించిన చాయ్ తాగుతున్నారు. అప్పుడే ఎవరో బేరానికి వచ్చారు. చొక్కాకు రెండుంబావు మీటర్ల బట్ట, పద్నాలుగు చొక్కాలు కావాలి.

అబ్బా లోపలికి చూసి, "ఎంతయితది బేటీ?" అన్నారు.

"ముప్పై ఒకటిన్నర," అన్నాను తానుల వెనక నుంచి.

మేడం చాయ్ గ్లాసు కింద పెట్టారు. "ఎట్లొచ్చింది బిడ్డా?"

"వచ్చింది మేడం."

"అదే, ఎట్లొచ్చింది?"

ఆమె ఇంకో లెక్క అడిగారు, మరొకటి అడిగారు. టకటకా చెప్పాను. ఎట్లా అని అడిగినప్పుడల్లా ఆగిపోయాను. చివరికి ఆమె రెండు చేతులతో తల పట్టుకున్నారు. "నీకు లెక్కలు రాక కాదే తల్లీ. జవాబు ఏ తొవ్వల వచ్చిందో చెప్పుడు వస్తలేదు. రెండేండ్లు నీ పక్కన కూసుండి నేను సుత పసిగట్టలే," అన్నారు. ఆమె కళ్లలో నీళ్లు చూశాను. నా మీద జాలితో కాదు. తన మీద తనకు వచ్చిన కోపం అది.

ఎండాకాలమంతా మా బడి వరండాలో నడిచిన చదువు గురించి చెబితే నమ్మరు. నల్లబల్ల దగ్గర నేను టీచరు, బెంచీ మీద పెద్ద మేడం స్టూడెంటు. నేను లెక్క చేయాలి, ప్రతి లైనూ నోటితో చెప్పాలి. ఒక్క లైను మింగేసినా చెయ్యెత్తేవారు. "అర్థం కాలే. మళ్ల చెప్పు." నాకు ఏడుపొచ్చేది, కోపమొచ్చేది. ఒకరోజు విసిగిపోయి, "ఇంత చిన్నది సుత తెల్వదా మేడం?" అనేశాను. ఆమె చప్పట్లు కొట్టి నవ్వారు. "అగో! ఇప్పుడు టీచరైనవ్," అన్నారు.

కొన్నాళ్లకు లెక్కల సార్ వచ్చి స్తంభం పక్కన నిలబడ్డారు. ఆమె పిలిచారో ఆయనే వచ్చారో ఇప్పటికీ తెలియదు. నేను ఒక లెక్కను బట్ట కొలిచినట్టు ముక్కలు చేసి చెప్తుంటే చాలాసేపు చూశారు. మర్నాడు వచ్చి బెంచీ మీద మేడం పక్కన కూర్చున్నారు. అంత పెద్ద మనిషి నా ముందు బెంచీ మీద కూర్చుంటే రాసిన లైనే మళ్లీ రాశాను.

జూన్‌లో సప్లిమెంటరీ రాశాను. మంచి మార్కులతో పాసయ్యాను. తర్వాత ఒకరోజు అసెంబ్లీకి నన్ను కూడా రమ్మని, మేడం గద్దె ఎక్కారు. "ఒక బిడ్డ జవాబు కరెక్టుగ రాస్తె కాపీ అన్నం. ఆమెకు లెక్కలు రాక కాదు, మాకు ఆమెను చదువుడు రాలే. గిప్పుడు వచ్చింది," అన్నారు. ఫెయిలైనదాన్ని గద్దె ముందు నిలబెట్టి బడంతా చప్పట్లు కొట్టిన రోజది. పెయింటరు వచ్చి గేటు మీద నూరు చెరిపేస్తూ, కొత్త అంకె ఏం రాయమంటారని అడిగాడు. "ఏం రాయకు. బడి పేరు జర పెద్దగ రాయి," అన్నారు మేడం.

కుర్చీ పోలేదు. ఆ ఏడు మా బడిలో చేరడానికి బజార్ పిల్లలు బారులు తీరారు. తప్పితే వెళ్లగొట్టని బడి అని గల్లీలన్నిటికీ తెలిసింది. కరస్పాండెంట్ సార్ వ్యాపారస్తుడు, ఆ లెక్క ఆయనకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేకపోయింది. తర్వాతి సంవత్సరాల్లో ఎవరినీ పంపించకుండానే మా బడి ఒకటికి రెండుసార్లు నూటికి నూరు తెచ్చుకుంది. ఆమె మాత్రం ఆ సంగతి ఎక్కడా ఎత్తేవారు కాదు. "రిజల్టు మే నెలల రాదు, జూన్‌ల వస్తది. మొదటిరోజు పిల్లలు భయపడ్డరా లేదా, గదే రిజల్టు," అనేవారు. నేను ఉద్యోగంలో చేరాక హెడ్మాస్టర్ల శిక్షణల్లో చాలా ఉపన్యాసాలు విన్నాను. ఈ ముక్కను మించింది ఇంకా వినలేదు.

ఆమెను దేవతను చేస్తే ఆమే ఒప్పుకోరు. కాగితాల పని అంటే ఆమడ దూరం. ఆఫీసు క్లర్కు ఆమె సంతకం కోసం ఫైలు పట్టుకుని తరగతి తరగతీ తిరిగేవాడు. బోర్డు మీద రాస్తే మొదటి అక్షరం కింద మొదలై చివరిది అటకెక్కేది. ప్రార్థన పాడితే పక్కవాళ్ల శ్రుతి కూడా చెడిపోయేది. ఆలస్యంగా వచ్చిన టీచర్‌ను పిల్లల ముందు ఒక్క మాట అనరు గానీ, గదిలోకి పిలిచాక బయటికి వచ్చే టీచర్ మొహం చూస్తే మాకే జాలేసేది.

పోయిన ఏడాది మా బడిలో నన్ను ఇన్‌చార్జి హెడ్ మేడంగా వేశారు. మొదట ఫోన్ చేసింది ఆమెకే. అప్పటికే మోకాళ్ల తక్లీఫ్‌తో ఇల్లు కదలడం లేదు.

"కుర్చీ మెత్తగుందా బిడ్డా?" అని అడిగారు.

"ఉంది మేడం."

"అయితె ఎక్కువ కూసోకు."

మా మధ్య నడిచిన ఆఖరి మాటలు దాదాపు అవే.

పోయిన ఆదివారం బజార్‌లో మా పాత బడిలో సంతాప సభ పెట్టారు. గేటు మీద ఇప్పటికీ అంకెలు లేవు. పాత విద్యార్థులు వచ్చారు. రైల్వేలో పనిచేసేవాళ్లు, దుకాణాలవాళ్లు, ఒక నర్సు, ఒక డాక్టరు. డాక్టరు మా ఫస్ట్ ర్యాంకు పిల్లాడే. గద్దె మీద ఆమె ఫొటో పెట్టి దండ వేశారు. ఎవరూ అనుకోకుండానే అందరం వరండాలో వెనక బెంచీల కోసం పోటీ పడ్డాం. నాకు మా అబ్బా పక్కన చివరి బెంచీ దొరికింది.

లెక్కల సార్ రిటైరై చాలా కాలమైంది. చేతికర్ర పట్టుకుని గద్దె ఎక్కారు. జేబులోంచి ఉపన్యాసం కాగితం తీస్తారనుకున్నాం, తియ్యలేదు. ఫొటో వైపు తిరిగి మొక్కి, మా వైపు తిరిగారు. "నిన్న రానిది చెప్తున్న," అన్నారు.

"సర్వీసంత లెక్కలు చెప్పిన. ఎన్ని లెక్కలొచ్చినా 'నాకు తెల్వలే' అనుడు మాత్రం రాలే. ఆ బిడ్డ పేపర్ మీద కాపీ అని రాసిన చెయ్యి ఇది. మేడం నన్నొక్క మాట అనలే. బెంచీ మీద తన పక్కన ఇంత జాగ చూపెట్టింది, అంతే. గప్పుడు..." అని ఆగిపోయారు. పెదవులు కదులుతున్నాయి గానీ మాకేమీ వినపడడం లేదు.

నా చెయ్యి దానంతటదే లేచింది.

"సార్, అర్థం కాలే. మళ్ల చెప్పుండ్రి," అన్నాను.

సార్ తలెత్తి చూశారు. నా ముందు బెంచీలో డాక్టరు చెయ్యి లేచింది. దాని పక్కన నర్సు చెయ్యి. తలలు నెరుస్తున్న మనుషులు, చంకల్లో పిల్లలున్న తల్లులు, ఒక్కొక్కరే చేతులెత్తారు. మా అబ్బా ఆ బడిలో చదవనే లేదు, ఆయనా ఎత్తారు. సార్ కర్రను గద్దెకు ఆనించి, కళ్లజోడు తుడిచి పెట్టుకుని, చివరి బెంచీ దాకా వినపడేటట్టు మళ్లీ మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టారు.